కాలవ అవతల విదేశం

శుభవార్త వచ్చేసరికి హైమ నోట్లో జామకాయ ముక్క ఉంది.

మామూలు ముక్క కాదు. పొద్దున ఆమె కాలేజీకి బయల్దేరుతుంటే భర్త ముక్తేశ్వర్ తన నర్సరీలోని చెట్టెక్కి కోసి, చీలికలు చేసి, ఉప్పూకారం పొట్లంతో సహా బ్యాగులో పెట్టిన జామకాయ. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి అలాంటి జామకాయ ముందు ప్రపంచ పేదరికం మీద పాఠం ఏపాటిది? ఆఖరి బెంచీలో కూర్చుని, పుస్తకం అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా నములుతోంది. జామకాయని చప్పుడు కాకుండా నమలడం ఎంత కష్టమో తిన్నవాళ్లకే తెలుసు.

సరిగ్గా అప్పుడు ఆచార్య గరుడాద్రి నవ్వుతూ లోపలికొచ్చారు.

ఆయన వెలగపాలెం విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ అభివృద్ధి శాఖకు అధిపతి. ఎమ్మే మొదటి ఏడాది మొత్తంలో ఆయన నవ్వగా చూసిన విద్యార్థి లేడు. అందుకని క్లాసంతా కంగారుపడి లేచి నిలబడింది.

"ఆసీనులు కండి," అన్నారు గరుడాద్రి. "ఉన్నత మండలి వారి నూతన నిబంధన వచ్చియున్నది. పేరులో 'అంతర్జాతీయ' అను పదము గల ప్రతి కోర్సూ తన విద్యార్థులను ఒక సెమిస్టరు పాటు విదేశమునకు పంపి తీరవలెను. పంపని పక్షమున సదరు పదము తొలగించబడును. అనగా మనం వట్టి 'అభివృద్ధి శాఖ'గా మిగిలిపోతాం. ఆ అవమానాన్ని మన శాఖ భరించదు. కనుక సంతోషంగా తెలియజేయునది ఏమనగా... మీరందరూ విదేశాలకు వెళుతున్నారు!"

క్లాసు గోల గదిలో పట్టలేదు. హైమ జామకాయ ముక్కని నమలకుండానే మింగేసింది. విదేశం! విమానం! మేఘాల పైన మినపసున్ని! ఆ తర్వాత గుర్తొచ్చింది, ముక్తేశ్వర్. సాయంత్రం ఆమె ఇంటికి రాగానే చేతిలో నీళ్ల గొట్టం పట్టుకుని మొక్కలకి బదులు తన కాళ్లమీద పోసుకుంటూ నిలబడి చూసే ముక్తేశ్వర్. ఒక సెమిస్టరు ఆయన లేకుండా! గొంతులో జామకాయ అడ్డం పడింది. గింజలతో సహా.

"ఏ దేశం సార్?" అన్నారు ముందు బెంచీవాళ్లు.

గరుడాద్రి ఠీవిగా నడిచి వెళ్లి కిటికీ రెక్క తెరిచారు. చెయ్యి బయటికి చాపారు.

"అదిగో!"

అందరూ కిటికీ దగ్గర ఎగబడ్డారు. బయట యూనివర్సిటీ ప్రహరీ, దాని వెనక కాలవ, కాలవ మీద కాలినడక వంతెన, అవతలి గట్టున పచ్చగా మొక్కల నర్సరీలు, పెంకుటిళ్లు, డాబాలు. ఒక డాబా మీద పసుప్పచ్చ చీర ఆరేసి ఉంది.

ఆ చీర హైమ అత్తగారిది.

"మల్లెలంక!" అన్నారు గరుడాద్రి తొలిసారి సముద్రం చూసినవాడిలా.

జరిగిందేమిటంటే, మండలివారు విదేశానికి పంపమన్నారు గాని, విదేశమంటే ఏమిటో చెప్పలేదు. యూనివర్సిటీ తాహతు చూస్తే పిల్లల్ని పక్క జిల్లాకి పంపడానికే బస్సులో డీజిలు లేదు. అంచేత ఒక సంఘం వేశారు. సంఘంలోని తెలుగు పండితుడు నిఘంటువు తెరిచి, 'దేశము' అంటే 'చోటు' అనే అర్థం ఉందనీ, కాబట్టి 'విదేశము' అంటే వేరే చోటనీ తేల్చారు. మల్లెలంక వేరే గట్టు, వేరే పంచాయతీ, మంచినీళ్ల రుచి కూడా వేరే. పైగా ఊళ్లో అందరూ సర్పంచిని 'ప్రెసిడెంటు గారూ' అనే పిలుస్తారు. ప్రెసిడెంటు ఉన్న చోటు దేశం కాక మరేమిటి? ఈ ఆఖరి వాదన విన్నాక సంఘమంతా వరసగా సంతకాలు పెట్టేసింది.

హైమకి ఒళ్లంతా మల్లెపూలు పూసినట్టయింది. విదేశం వెళ్లొచ్చు, సాయంత్రానికి మొగుణ్ణీ చూడొచ్చు! సంతోషం పట్టలేక గభాల్న లేచింది.

"సార్, మా ఇల్లు అక్కడే సార్! ఆ పసుప్పచ్చ చీర మా అత్తయ్యగారిదే!"

ఆ మాట అనకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

గరుడాద్రి మొహంలో నవ్వు ఆరిపోయింది. "అనగా మీరు ప్రస్తుతం విదేశంలో నివసిస్తున్నారా?"

"పెళ్లయినప్పట్నించీ సార్."

"విదేశంలో ఉన్న వ్యక్తి విదేశానికి ఎలా వెళ్లగలదు? మీకు మల్లెలంక స్వదేశం అవుతుంది. మీ క్షేత్రాధ్యయనం చెల్లదు. చెల్లనిచో డిగ్రీ రాదు."

"మరెలా సార్?"

"తక్షణం స్వదేశానికి తిరిగి రండి. హాస్టల్లో చేరండి. అక్కణ్ణుంచి విదేశయాత్రకు వెళ్లి, పని చూసుకుని, చీకటి పడకముందే తిరిగి రండి. మల్లెలంకలో బంధువుల ఇంట బస నిషిద్ధం. నిష్పాక్షికత దెబ్బతింటుంది."

"బంధువులు కాదు సార్, మా ఆయన!"

"మీ ఆయన కాదు," అన్నారు గరుడాద్రి జాలిగా. "లబ్ధిదారు."

"ఆయనకేం లబ్ధి సార్?"

"అది అధ్యయనంలో తేలుతుంది."

*

హైమకి చదువు మానెయ్యాలనిపించింది. కాని పెళ్లిచూపుల్లో ముక్తేశ్వర్ ఆమెని అడిగింది ఒకే ఒక్క మాట. "చదువు మధ్యలో ఆపరుగా?" అని. ఆ మాటకే ఆమె పడిపోయింది. ఇప్పుడు ఆపితే ఆయన మొహం ఎలా చూడటం? ఆపకపోతే అసలు ఆయన మొహమే చూడటం ఎలా?

సాయంత్రం ఇంటికెళ్లి పెట్టె సర్దుకుంటూ కళ్లనీళ్లతో ఈ విషయం చెప్పింది. అత్తగారు మంగతాయారు చేటలో బియ్యం ఏరుతూ అంతా విని, అసలు ముక్క పట్టుకుంది.

"అయితే నేనిప్పుడు ఫారినరునా?"

"ఆ, అత్తయ్యా."

"ఓసి నీ దుంప తెగ! నలభయ్యేళ్లు కాపరం చేశాను, ఒక్కరూ చెప్పలేదు!" ఆవిడ చేట పక్కన పెట్టి, అద్దం ముందుకెళ్లి మొహం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అందుకే కావోసు, నాకు వెలగపాలెం నీళ్లు పడవు."

ముక్తేశ్వర్ గుమ్మంలో నిలబడి అన్నాడు, "పోనీలే హైమా. రోజూ పగలొస్తావుగా."

"వచ్చినా మీరు మా ఆయన కాదట. మీరు లబ్ధిదారట!"

"లబ్ధిదారు అంటే తిట్టా?" అంది మంగతాయారు. "తిట్టయితే చెప్పండి, నేనెళ్లి ఆ మేష్టార్ని కడిగేసొస్తాను."

ముక్తేశ్వర్ పెరట్లోకెళ్లి, విచ్చీ విచ్చని మల్లెమొగ్గలు కోసుకొచ్చి, అమ్మ చూడటం లేదనుకుని మాల కట్టి భార్య జడలో పెట్టాడు. అమ్మ అద్దంలోంచి చూస్తూనే ఉంది.

వంతెన మధ్యలోకి వచ్చేసరికి హైమని ఎవరో ఆపారు. నూకరాజు. నిన్నటిదాకా యూనివర్సిటీ గేటు దగ్గర కునుకు తీసే వాచ్‌మన్. ఇవాళ వంతెన నడిమధ్యన ప్లాస్టిక్ కుర్చీ, గొడుగు వేసుకుని కూర్చున్నాడు. మెడలో అట్టముక్క మీద 'ప్రవేశ, నిష్క్రమణ అధికారి' అని రాసి ఉంది. నిద్రపోవడానికి వీల్లేకుండా గాలి బాగా కొడుతోంది కాబట్టి కొంచెం చిరాగ్గా ఉన్నాడు.

"అమ్మాయిగారూ, ఏవనుకోకండి. తల్లో వృక్షజాతి ఉంది."

"మల్లెపూలు బాబాయ్!"

"మీకు మల్లెపూలండి. రూల్లో వృక్షజాతండి. ఆయ్. పరాయి దేశపు వృక్షజాతి లోపలికి రానివ్వకూడదన్నారండి మేష్టారు. పురుగూ పుట్రా ఉంటాయంట."

"ఈ యూనివర్సిటీలో ఉన్న మొక్కలన్నీ మా ఆయన నర్సరీలోంచి వచ్చినవే కదా!"

"అవి మల్లెలంక దేశం కాకముందు వచ్చినవండి."

పూలమాల తీసి నీళ్ల బక్కెట్టులో వేశాడు. కొన్నాళ్లు పరిశీలనలో ఉంచుతారట. ఆ సాయంత్రం నూకరాజు భార్య మార్కెట్లో కనబడినప్పుడు ఆవిడ జడలో అవి పరిశీలనలో ఉన్నాయి.

*

హాస్టల్ గదిలో హైమకి మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సాంబారు చూశాక ఆకలీ వెయ్యలేదు. ఆ సాంబారులో ముక్కలు ఈదడానికి భయపడి అడుగున దాక్కుంటాయి. ఎంత గరిటె తిప్పినా పైకి రావు.

ఆ వారమే గరుడాద్రి మరో లోపం కనిపెట్టారు. విదేశమన్నాక గడియారం తేడా ఉండాలి. తేడా లేకపోతే మండలివారు తనిఖీకొచ్చినప్పుడు ఏమనుకుంటారు? మల్లెలంక పడమర దిక్కున ఉంది కాబట్టి దాన్ని అరగంట వెనక్కి జరిపారు. మల్లెలంక ప్రెసిడెంటు గారు అరగంట ముందుకి జరపమని బతిమాలారు గాని, సూర్యుడు ఒప్పుకోడని గరుడాద్రి తోసిపుచ్చారు.

దాంతో ఫోన్ల దగ్గర పెద్ద చిక్కొచ్చిపడింది.

"తిన్నారా?" అంది హైమ.

"ఇంకా లేదు. ఇక్కడ ఇంకా టైము కాలేదుగా," అన్నాడు ముక్తేశ్వర్. "నువ్వు తిన్నావా?"

"తిని అరగంటయింది."

"అంటే నేను తినబోయే టైముకి నువ్వు తినేశావన్నమాట. రుచెలా ఉంది?"

"ఇవాళ వంకాయ బాగుంటుందండీ, తినండి," అంది హైమ. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. ఫోను పెట్టేశాక హైమ ఒక్కతే కొంచెంసేపు ఏడ్చింది.

పుట్టింటి నుంచి వాళ్ల నాన్న ఫోను చేశాడు. ఆయనకి కూతురికి ఫారిన్ సంబంధం కుదర్లేదని పెళ్లినాటి నుంచీ మనసులో ఓ మూల దిగులు.

"ఏమ్మా! అల్లుడుగారు ఫారినట గదా! పెళ్లిలో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"అప్పుడు కాదు నాన్నా, ఈమధ్యే అయ్యారు."

"ఎప్పుడెళ్లారు?"

"ఆయన ఎక్కడికీ వెళ్లలేదు నాన్నా. ఫారినే ఆయన దగ్గరికొచ్చింది."

"మనిషి మంచివాడైతే అన్నీ వాటంతటవే వస్తాయమ్మా," అన్నాడాయన గద్గదంగా. ఆ రోజే వీధి వీధంతా తిరిగి మిఠాయి పంచాడు.

క్షేత్రాధ్యయనం మొదలైన రోజు క్లాసంతా వంతెన మీద వరసగా నిలబడ్డారు. ఎవరికీ పాస్‌పోర్టు లేదు కాబట్టి నూకరాజు చేతుల మీద స్టాంపు వేశాడు. కొత్త స్టాంపు చేయించడానికి అనుమతి రానందువల్ల గ్రంథాలయంలోంచి అరువు తెచ్చిన స్టాంపు అది. హైమ చేతి మీద నీలంగా పడింది: 'చదివి వాపసు చేయవలెను.'

మల్లెలంక గట్టున ముక్తేశ్వర్ ఎదురొచ్చాడు. లబ్ధిదారులా ఏమీ లేడు. ఆమె చెయ్యి పట్టుకుని స్టాంపు చదివాడు.

"చదవడం వరకూ సరే," అన్నాడు మెల్లిగా. "వాపసు మాత్రం చెయ్యను."

"తాకరాదు!" అన్నారు వెనక నుంచి గరుడాద్రి. "నమూనా చెడిపోతుంది."

*

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మల్లెలంకలో వెనుకబాటుతనం దొరకలేదు.

గరుడాద్రి ఒక్కో ఇంటి ముందూ నిలబడి, లోపలికి తొంగిచూసి, నిట్టూర్చి బయటికొచ్చేవారు. నర్సరీల పుణ్యమా అని ఊళ్లో అందరూ సుబ్బరంగా ఉన్నారు. మంగతాయారు ఇంట్లో నేలమీద టైల్సు, ఫ్రిజ్జు, మిక్సీ, గోడకి పెద్ద టీవీ. గరుడాద్రి శాఖలోనో, ఉన్నది ఒక్క ఫ్యాను. దాన్ని కర్రతో తోస్తేగాని తిరగదు. వానొస్తే ఆయన కుర్చీని మూలకి జరుపుకుంటారు. ఇంకా గట్టి వానొస్తే క్లాసు మానేస్తారు.

"అమ్మా," అన్నారు ఆయన మంగతాయారుతో నీరసంగా అరుగు మీద కూలబడి. "మీరు ఈ విధంగా అభివృద్ధి చెంది ఉంటే మేము మిమ్మల్ని అభివృద్ధి చేయుట ఎట్లు? ఈ పిల్లల భవిష్యత్తు ఏం కావాలి? కాస్త సహకరించండి."

మంగతాయారు మనసు కరిగిపోయింది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతుల్తో పంపడం ఆవిడ వంశంలో లేదు.

"అయ్యో, దానికేం బాబూ! రేపు రండి. వెనకబాటు ఎంత కావాలంటే అంత చూపిస్తాం."

మర్నాటికి మల్లెలంక గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. మంగతాయారు ఫ్రిజ్జుకి పాత దుప్పటి కప్పి, దానిమీద ఓ కోడిని కూర్చోబెట్టింది. అటక మీది కిరసనాయిలు లాంతరు దింపి గుమ్మానికి వేలాడదీసింది. పక్కింటివాళ్లు ఊరుకుంటారా? వాళ్లు టీవీని గడ్డిమోపుల వెనక దాచి, గేదెని హాల్లో కట్టేశారు. ఎదురింటాయన ఏకంగా మోటారు సైకిలు మీద పిడకలు కొట్టేశాడు. ఏ ఇల్లు ఎక్కువ వెనకబడిందో తేల్చుకోవడానికి వీధిలో రెండు జట్లు బయల్దేరాయి. "మీకంటే మేమే వెనకబడ్డాం, చూడండి మేష్టారూ!" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లారు.

గరుడాద్రి కళ్లు చెమర్చాయి. "ఎంత మంది సేవకులకు లభిస్తుంది ఇటువంటి క్షేత్రం!" అన్నారు.

కోడి మధ్యలో ఎగిరి దిగింది. దుప్పటి జారి, ఫ్రిజ్జు తలుపు తెరుచుకుని, లోపల దీపం వెలిగింది. గరుడాద్రి మర్యాదగా తల తిప్పుకున్నారు.

తర్వాత ఇంటర్వ్యూలు. మంగతాయారు ఇల్లు హైమ వంతుకి రాకూడదు కాబట్టి, నిష్పాక్షికత కోసం చీట్లు వేశారు. చీట్లో ఆ ఇల్లే వచ్చింది. చీట్లు వేసి తేల్చినదాన్ని మార్చడం ఇంకా పెద్ద పక్షపాతం అవుతుంది కాబట్టి గరుడాద్రి పక్కన కాపలా కూర్చున్నారు. హైమకి ఎదురుగా పీట మీద ముక్తేశ్వర్.

"లబ్ధిదారుని పేరు?" అంది హైమ తలెత్తకుండా.

"మర్చిపోయావా?"

"లబ్ధిదారు గారూ, ప్రశ్నకు సమాధానం మాత్రమే," అన్నారు గరుడాద్రి.

"ముక్తేశ్వరండి."

"వివాహితులా?"

"అలాగే గుర్తండి."

"భార్య ఎక్కడుంటారు?"

"విదేశంలో ఉంటుందండి."

"ఎంత దూరం?"

ముక్తేశ్వర్ ఆమె వైపు చూశాడు. "ఇక్కణ్ణుంచి చెయ్యి చాపితే అందేంత దూరమండి."

"పరిమాణాత్మకంగా చెప్పవలెను," అన్నారు గరుడాద్రి.

"మూరెడని రాయండి."

హైమ రాసింది. ఆమెకి అక్షరాలు సరిగ్గా కనబడటం లేదు. "మీ ప్రధాన అవసరం ఏమిటి? తాగునీరు, రోడ్డు, విద్యుత్తు..."

"భార్యండి."

అందరూ హైమ వైపు చూశారు. కోడి కూడా.

"అది మన పథకాల్లో లేదు," అన్నారు గరుడాద్రి గొంతు సవరించుకుని. "'ఇతరములు' అని వేయండి."

హైమ 'ఇతరములు' అని రాసింది. కన్నీటి చుక్క పడి ఆ మాట సగం చెరిగిపోయింది.

ఇదంతా గడప మీద కూర్చుని చూస్తున్న మంగతాయారుకి ఓపిక అయిపోయింది. "అదంతా సరే బాబూ. ఇన్ని అడిగారు, ఇంతకీ మావాడికి మీరిచ్చేదేంటి?"

"సాధికారత ఇస్తామమ్మా."

"అదెప్పుడూ తినలేదు," అంది మంగతాయారు. "గిన్నె తెచ్చుకోమంటారా, కవర్లో ఇస్తారా?"

*

మండలివారి నుంచి మరో ఉత్తరం వచ్చినరోజు గరుడాద్రి క్లాసుకి గొడుగుతో వచ్చారు. బయట వాన లేదు. లోపల ఉంది.

"మహా విపత్తు సంభవించినది," అన్నారు. "ప్రతి విదేశీ అధ్యయనానికీ ఆ దేశపు స్థానిక భాగస్వామి ఒకరు ఉండవలెనట. సదరు భాగస్వామితో దీర్ఘకాలిక ఒప్పందం ముందే కుదిరి ఉండవలెను. మనకి లేరు. అధ్యయనం మొత్తం చెల్లదు. మన శాఖ ఇక వట్టి అభివృద్ధే."

పైకప్పు నుంచి చినుకులు ఆయన గొడుగు మీద టపటప పడుతున్నాయి.

ఆఖరి బెంచీలో హైమ ఆ ఉత్తరంలోని మాటనే నెమరేసుకుంటోంది. భాగస్వామి. స్థానిక భాగస్వామి. ఈ మాట తను ఎక్కడో చూసింది. బంగారు అక్షరాల్లో చూసింది. పసుపు రాసిన అంచుల మధ్య చూసింది...

"సార్!" అని లేచింది. "నాకున్నారు సార్!"

"ఎవరు?"

"మల్లెలంకలో! స్థానికులే! మా శుభలేఖ మీద అచ్చు కూడా వేయించాం సార్, జీవిత భాగస్వామి అని!"

గరుడాద్రి గొడుగు దించారు. ఓ చినుకు సూటిగా ఆయన బట్టతల మీద పడింది. ఆయనకది తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే హైమ పెళ్లి ఆల్బమ్‌తో, ముక్తేశ్వర్‌తో, మంగతాయారుతో ఆయన గదిలోకి వచ్చింది. వంతెన మీద నూకరాజు ముక్తేశ్వర్‌కి ఏ స్టాంపు వెయ్యాలో తెలీక, గ్రంథాలయంలోని మరో స్టాంపు వేసి పంపాడు. గరుడాద్రి కళ్లద్దాలు సవరించుకుని నిబంధన ఒక పక్కన, ఆల్బమ్ ఒక పక్కన పెట్టుకున్నారు.

"ఒప్పందం సాక్షుల సమక్షంలో జరిగినదా?"

"అగ్నిసాక్షిగా అండి," అన్నాడు ముక్తేశ్వర్.

"మానవ సాక్షులు?"

"ఊళ్లో సగం మంది. మిగతా సగం భోజనాల దగ్గర ఉన్నారు," అంది మంగతాయారు.

"అనగా భాగస్వామ్య పక్షాలన్నింటికీ విందు కూడా ఏర్పాటు చేశారు. ఉత్తమ పద్ధతి!" గరుడాద్రి పేజీ తిప్పారు. తలంబ్రాల ఫొటో. "ఇదేమిటి?"

"వనరుల పరస్పర బదిలీ సార్," అంది హైమ తడుముకోకుండా. ఏడాది చదువు ఊరికే పోలేదు.

"బలే! బలే! ఇక్కడ నడుస్తున్నారేమిటి?"

"ఉమ్మడి కార్యాచరణ సార్. ఏడు దశలు."

గరుడాద్రి ఉత్సాహం ఆపుకోలేక కుర్చీలోంచి లేచారు. "కాల పరిమితి? దీర్ఘకాలికమేనా?"

"ఏడు జన్మలండి," అన్నాడు ముక్తేశ్వర్.

ఆయన మళ్లీ కూర్చున్నారు. "ఇబ్బందే. మా నిబంధనల్లో అయిదేళ్లకు మించి గడి లేదు." కాసేపు ఆలోచించి, "ప్రస్తుతానికి అయిదేళ్లు వేద్దాం. తరువాత పొడిగింపునకు దరఖాస్తు చేసుకోండి," అన్నారు.

ఆ తర్వాత నిబంధనలోని తరవాతి పంక్తి చదివి, ఓసారి దగ్గి, గంభీరంగా ప్రకటించారు. "భాగస్వాములిద్దరూ అధ్యయన కాలమంతయు ఒకే చిరునామాలో నివసింపవలెనని ఉన్నది. హైమవతి గారూ, మీరు హాస్టల్లో ఉండుట తీవ్రమైన ఉల్లంఘన. ఇన్నాళ్లూ ఎవరు ఉండమన్నారు మిమ్మల్ని?"

హైమ నోరు తెరవబోయింది. ముక్తేశ్వర్ ఆమె కాలు తొక్కాడు. మెత్తగానే తొక్కాడు.

"తప్పయిపోయింది సార్. ఇవాళే వెళ్లిపోతాను," అంది హైమ వినయంగా. వెళ్లి పెట్టె సర్దుకోవాలన్న తొందరలో ఆమె ఆల్బమ్ కూడా మర్చిపోబోయింది. అప్పుడే ముక్తేశ్వర్ చేతి మీది స్టాంపు కనబడింది. 'బయటికి ఇవ్వబడదు.' ఆమెకి నవ్వొచ్చి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉండండుండండి," అంది మంగతాయారు. ఆవిడ ఈలోగా బల్ల మీది నిబంధన తన వైపు తిప్పుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతోంది. "ఈ కింద ముక్కేంటి బాబూ? 'భాగస్వామ్యము సమానముగా ఉండవలెను. ఒక పక్షము రెండవ పక్షమునకు ఏమి చేయునో, రెండవ పక్షము మొదటి పక్షమునకు అదియే చేయవలెను.' అంటే?"

"అది లాంఛనమమ్మా. ఎవరూ చదవరు."

"చదివాంగా!" ఆవిడ తలెత్తి గది నలుమూలలా చూసింది. కర్రతో తోసే ఫ్యాను చూసింది. పైకప్పు కింద పెట్టిన బక్కెట్లు చూసింది. గరుడాద్రి బట్టతల మీద ఇంకా నిలిచి ఉన్న చినుకుని చూసింది. ఆవిడ కళ్లలో దయ పొంగింది, సరిగ్గా ఆయన కళ్లలో ఆ రోజు లాంతరు చూసి పొంగినట్టే.

"మీకు క్షేత్రం కావాలని మేం ఎంత తిప్పలు పడ్డామండీ. ఫ్రిజ్జు మీద కోడిని పెట్టాం. మీరేమో చేతిలో ఇంత వెనకబాటు సరుకు పెట్టుకుని ఒక్కమాట చెప్పలేదు! రేపు మా ప్రెసిడెంటు గారితో సహా మల్లెలంక మల్లెలంకంతా మీ దేశానికొస్తున్నాం."

గరుడాద్రి తడబడ్డారు. "ఏ... ఏ ఉద్దేశంతో?"

"అభివృద్ధి చెయ్యడానికి బాబూ. ముందు ఈ కప్పు, తర్వాత ఆ హాస్టలు సాంబారు. మా కోడలు చిక్కి సగమైపోయింది."

"అట్లు హఠాత్తుగా... కనీసం మాకు సన్నాహాలకు వ్యవధి..."

"సన్నాహాలెందుకూ? మీరేం దాచక్కర్లేదు, కొత్తగా ఏం తెచ్చి పెట్టక్కర్లేదు. ఉన్నది చాలు." మంగతాయారు కొంగు దోపుకుని లేచింది. "మా ఏడింటికి బయల్దేరతాం. మీకు అప్పటికి ఏడున్నర. ఆలస్యంగా వచ్చామని మమ్మల్ననకండి, తొందర మీ దేశానిది."

గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

"అన్నట్టు బాబూ, సాధికారత ఇంట్లోనే వండి వేడివేడిగా పట్టుకొస్తాం. గిన్నెలు మాత్రం రేపు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి."